అంబులెన్సు వచ్చేలోగా

(మన ఆసుపత్రిలో పేషెంట్ల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన తరగతిలో స్టాఫ్ నర్సు ఇచ్చిన ప్రసంగ పాఠము)

మీలో చాలామంది రాత్రంతా వార్డు బయట బెంచీల మీద కూర్చుని, ముఖం కడుక్కుని నేరుగా ఇక్కడికి వచ్చారు. లోపల మీవాళ్ళకు మందులిచ్చే టైము ఉంది, క్యాంటీన్ మూసే టైము ఉంది. అందుకని అవసరమైన సంగతులే చెప్తాను. మధ్యలో సిస్టర్ పిలిస్తే లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను.

పోయిన తరగతుల్లో షుగరు గురించి, బి.పి. గురించి మాట్లాడుకున్నాం. ఈ రోజు విషయం వరద, మంట, పొగ, కూలిన గోడ, రోడ్డు ప్రమాదం. "ఇవన్నీ ప్రభుత్వం చూసుకోవలసినవి కదా సిస్టర్, మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. ప్రభుత్వం చూసుకుంటుంది. దాని గురించి కూడా చెప్తాను. కాని మీ ఇంట్లో ఇప్పుడు ఒక పేషెంటు ఉన్నారు. ఆపద వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాడు మెట్లెక్కి పైకి పోతాడు, గోడ దూకి బయటపడతాడు. పక్షవాతం వచ్చిన నాన్న గారు, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే అక్క, ఆక్సిజన్ మిషను పెట్టుకున్న తాతయ్య ఆ పని చేయలేరు. వాళ్ళ తరఫున ముందుగా ఆలోచించవలసింది మీరే.

మన చుట్టుపక్కల నుంచే మొదలుపెడతాను. వాన గట్టిగా పడితే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఎలా ఉంటుందో, బల్కంపేట అండర్‌పాస్ ఎలా నిండుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. జిల్లాల నుంచి వచ్చినవారికి మాత్రం తెలియదు. కూకట్‌పల్లి నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా, పికెట్ నాలా, ఈ నాలుగూ చివరికి హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. మనం ఉన్నది ఆ నీళ్ళు దిగే దారిలో. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. సెంటీమీటర్లంటే మనకు అర్థం కాదు గనుక ఇలా చెప్తాను: ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న చోట ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు పన్నెండు కుమ్మరించినట్టు. నగరమంతా అలా కుమ్మరిస్తే ఏ నాలా పడుతుంది? మళ్ళీ 2020 అక్టోబరు 13న అక్కడే 19 సెంటీమీటర్లు దాటింది. ఆ రాత్రి పాతబస్తీలో గోడ కూలి, వరదలో కొట్టుకుపోయి ఎన్నో ప్రాణాలు పోయాయి.

ఇంకా వెనక్కి వెళ్తే 1908 సెప్టెంబరు 28. మూసీ పొంగి సుమారు 15,000 మంది చనిపోయారని చెప్తారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టును పట్టుకుని దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, వీలైతే వెళ్ళి చూడండి. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. మనం ఏళ్ళ తరబడి తాగిన గండిపేట నీళ్ళు అసలు వరదను ఆపడానికి కట్టిన చెరువు నీళ్ళు. ఇంత జరిగినా 2020 జూలైలో అదే ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి వాన నీళ్ళు వచ్చాయి, పేషెంట్లను మార్చవలసి వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నాం గనుక అంతా క్షేమమే అనుకోకండి, అందుకే ఈ మాట చెప్తున్నాను.

వాన నీటిలో నడిచేటప్పుడు కింద ఏముందో కనబడదు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు మీద వెళ్ళిన 12 ఏళ్ళ పాప తెరిచి ఉన్న నాలాలో కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాలకోసం పొద్దున్నే బయలుదేరిన చిన్నపాప కూడా అలాగే పోయింది. మందుల చీటీ ఇచ్చి పిల్లల్ని షాపుకు పంపించే అలవాటు మనందరికీ ఉంది. వాన పడుతున్నప్పుడు, పడి ఆగిన వెంటనే, పంపకండి. మోకాలు దాటి నీళ్ళున్నచోట బండి దిగండి. కరెంటు స్తంభాన్ని, ఇనుప జాలీని ముట్టుకోకండి. తీగ తెగి నీళ్ళలో పడితే దగ్గరికి వెళ్ళకుండా 1912కు ఫోను చేయండి, అది కరెంటు ఆఫీసు నంబరు.

వాన సంగతి ముందుగా తెలుసుకునే వీలు మనకు చాలా దగ్గరలోనే ఉంది. వాతావరణ శాఖ హైదరాబాదు కేంద్రం బేగంపేటలోనే ఉంది. వాళ్ళు టీవీలో రంగులు చెప్తారు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి, నారింజ అంటే సిద్ధపడండి, ఎరుపు అంటే ఇప్పుడే ఏదో ఒకటి చేయండి. డయాలసిస్ పేషెంటు ఉన్న ఇంటికి నారింజ రంగు అంటే అర్థం ఏమిటి? రేపటి షెడ్యూలు ఈ రోజే కుదురుతుందా అని యూనిట్‌కు ఫోను చేసి అడగమని. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరదలు వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రాలతో ఏ ఊరు మునిగిందో పటాలు గీసి ఇస్తుంది. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత, 2007 నుంచి దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తున్నాయి. హైదరాబాదుకు సముద్రం లేదు గాని, మచిలీపట్నం జాలరికి హెచ్చరిక మన కూకట్‌పల్లి పక్క నుంచి పోతుంది!

హెచ్చరిక ఎంత మేలు చేస్తుందో కోస్తా జిల్లాలవారికి బాగా తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి తక్కువ కాకుండా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చిందరవందర చేసింది, చెట్లూ స్తంభాలూ మిగల్లేదు, కాని చనిపోయినవారు పదుల్లోనే ఉన్నారు. మధ్యలో వచ్చిన మార్పేమిటంటే ముందు కబురు, వెళ్ళి తలదాచుకోవడానికి గట్టి కట్టడం. ఆ కట్టడాల్లో కొన్నింటిని క్రైస్తవ సంఘాల సహాయ సంస్థ కాసా కట్టించింది. కాసా 1947లో దేశ విభజన శరణార్థుల కోసం మొదలైంది. మన కతోలిక ఆసుపత్రులన్నిటినీ కలిపే 'చాయ్' సంస్థకు సికింద్రాబాద్‌లో కార్యాలయం ఉంది. దానికి 1943లో పునాది వేసినది గుంటూరులో పనిచేసిన డాక్టరు సిస్టర్ మేరీ గ్లోరీ గారు. ఆస్ట్రేలియా నుంచి 1920లో వచ్చి తెలుగువారి మధ్య పురుళ్ళు పోసి, మందులిచ్చి, ఇక్కడే ఉండిపోయారు. కారితాస్ ఇండియా ఉంది, రెడ్‌క్రాస్ ఉంది. వరద వచ్చినప్పుడు బియ్యం, దుప్పట్లు, మందులు ఇచ్చేది వీళ్ళు. మతం అడగరు. మీ ఊళ్ళో అవసరమైతే దగ్గరలో ఉన్న మిషను ఆసుపత్రిలోనో, చర్చిలోనో, రెడ్‌క్రాస్ జిల్లా శాఖలోనో అడగండి, మొహమాటపడకండి.

ఇక ప్రభుత్వ ఏర్పాట్లు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దానితోనే జాతీయ విపత్తు దళం ఏర్పడింది, ఎన్.డి.ఆర్.ఎఫ్. అంటారు. మన రెండు రాష్ట్రాలకు దగ్గరలో ఉన్నది విజయవాడ పక్కనున్న 10వ బెటాలియన్. నగరంలో చెట్టు పడినా నీళ్ళు నిలిచినా వచ్చేది డి.ఆర్.ఎఫ్. సిబ్బంది. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత వాళ్ళు దాని కింద పనిచేస్తున్నారు. కలెక్టరు ఆఫీసు కంట్రోలు రూము 1077, రాష్ట్రానిది 1070. మంటకు 101. పోలీసుకు 100. అంబులెన్సుకు 108. ఇన్ని గుర్తుండకపోతే 112 ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడూ దానికి వస్తాయి. గ్యాసు వాసన వస్తే 1906. అప్పుడు స్విచ్ వేయకూడదు, తీయకూడదు, ఫోను బయటికి వెళ్ళి చేయాలి.

అయితే ఎంత పెద్ద దళమైనా వచ్చేలోపు కొంత సమయం పడుతుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాష్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, చివరికి వాళ్ళను తీసుకొచ్చింది ఒక జె.సి.బి. డ్రైవరు. మన పంజాగుట్టలో 2007 సెప్టెంబరు 9, ఆదివారం, కడుతున్న ఫ్లైఓవర్ కూలినప్పుడు కూడా ఇది అందరూ చూశారు. అలాంటి చోట జనం మూగితే అంబులెన్సుకు దారి ఉండదు. చేయగలిగినవారు నలుగురు ఉండి, మిగిలినవారు రోడ్డు ఖాళీ చేయడమే పెద్ద సాయం. రాళ్ళ కింద ఎక్కువసేపు కాలో చేయో నలిగి ఉన్నవారిని బలంగా లాగకండి. బరువు తీయగానే శరీరంలో విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె ఆగే ప్రమాదం ఉంది. ధైర్యం చెప్తూ, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని ఉండండి.

108 మన హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. తరువాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. డబ్బు కట్టనవసరం లేదు. కాని ఫోను చేసే పద్ధతి ఒకటుంది. చాలామంది "త్వరగా రండి, త్వరగా రండి" అని ఏడ్చి పెట్టేస్తారు. ఎక్కడికి రావాలి? అమీర్‌పేటలో ఒక్కో సందుకు నాలుగు హాస్టళ్ళు, పైన మూడు కోచింగ్ బోర్డులు. "గురుద్వారా దాటాక రెండో సందు, కింద టిఫిన్ సెంటరు ఉన్న బిల్డింగు, మూడో అంతస్తు" అని చెప్పాలి. పేషెంటుకు స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా, ఎంతమంది ఉన్నారు, ఈ మూడూ చెప్పండి. వాళ్ళు పెట్టేయమనేదాకా ఫోను పెట్టకండి, ఏం చేయాలో వాళ్ళే చెప్తూ ఉంటారు. ఇంట్లో ఒకరు పేషెంటు దగ్గర, ఒకరు సందు మొదట్లో నిలబడాలి. సందులో అడ్డంగా ఉన్న బైకులు అంబులెన్సు వచ్చాక కాదు, ముందే జరపాలి. లిఫ్టు ఉందా, స్ట్రెచర్ పడుతుందా చూసి ఉంచండి. పాత డిశ్చార్జి చీటీ, మందుల పట్టీలు చేతిలో పట్టుకోండి.

ఈలోగా పేషెంటుకు స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు పోయకండి. సోడా, కాఫీ, తాళాల గుత్తి ఏవీ వద్దు. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా, కనీసం ఐదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. పక్కటెముక విరుగుతుందేమో అని భయపడి ఆపకండి, విరిగిన ఎముకను డాక్టరు గారు చూసుకుంటారు.

రోడ్డు మీద ఎవరైనా పడితే "పోలీసు కేసవుతుంది" అని ముఖం తిప్పుకుని పోయే రోజులు ఇక చాలు. 2019లో మోటారు వాహనాల చట్టంలో మార్పు చేసి, సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని రాశారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేసే పథకం కూడా ఉంది. మీవాళ్ళు అలాంటి కేసులో చేరితే బిల్లింగు కౌంటరులో ఈ మాట అడగండి.

మంట గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మీలో సగం మంది పంజాగుట్ట లాడ్జిల్లో దిగినవారు, లేదా పిల్లల్ని అమీర్‌పేట హాస్టళ్ళలో పెట్టినవారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంట లేచి 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పోయారు. జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లలు. అదే సంవత్సరం నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద రసాయనాలు నిల్వ చేస్తే తొమ్మిది మంది. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒకే ఇంటి బంధువులు 17 మంది, అందులో చిన్నపిల్లలు ఎనిమిది మంది. వీటిలో చాలామందిని చంపింది మంట కాదు, పొగ. పొగ రెండు మూడు గుక్కలకే కళ్ళు తిరిగేలా చేస్తుంది.

అందుకని లాడ్జి గదిలో సామాను దించగానే తలుపు తీసి మెట్లు ఎటున్నాయో నడిచి చూడండి. ఎన్ని తలుపులు దాటితే మెట్లు వస్తాయో లెక్కపెట్టండి, చీకట్లో ఆ లెక్కే పనికొస్తుంది. పొగ వస్తే నేల మీద పాకండి, మంచి గాలి కిందనే ఉంటుంది. లిఫ్టు ఎక్కకండి. మెట్లనిండా పొగ ఉంటే గదిలోనే ఉండి, తలుపు కింద సందును తడి దుప్పటితో మూసి, కిటికీ దగ్గర గుడ్డ ఊపండి. మీ అమ్మాయి, అబ్బాయి హాస్టల్లో ఉంటే ఈ రాత్రే ఫోను చేసి అడగండి: రెండో దారి ఉందా? రాత్రి గ్రిల్లుకు తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మెట్ల కింద గ్యాసు సిలిండర్లు, బైకులు పెడుతున్నారా? ఆడపిల్లల భద్రత కోసమే తాళం అంటారు. తాళం ఉండవచ్చు, తాళంచెవి వార్డెను ఇంటికి పట్టుకుపోకూడదు. ఈ విషయంలో తల్లిదండ్రులు గట్టిగా మాట్లాడాలని నా అభిప్రాయం. ఫీజు కట్టేది మీరే కదా.

ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి. పేస్టు, ఇంకు, నూనె, పసుపు పూస్తే మేము డ్రెస్సింగు చేసేటప్పుడు అదంతా గీకి తీయాలి, పేషెంటు పడే బాధ చెప్పలేను.

ఇంట్లో ఉన్న పేషెంటు మాటకు వస్తాను. ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోతే కంగారు పడకండి. వాడుతున్న సీసా ఎండ తగలకుండా చల్లగా ఉంటే మామూలుగా నాలుగు వారాలు ఉంటుంది. మట్టికుండలో నీళ్ళు పోసి, సీసాను పొడి డబ్బాలో మూతపెట్టి అందులో తేలేలా ఉంచండి. ఐసు మీద నేరుగా పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. డయాలసిస్ తప్పిపోయే పరిస్థితి వస్తే నీళ్ళు, ఉప్పు బాగా తగ్గించండి. సహాయక శిబిరాల్లో అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు ప్రేమగా ఇస్తారు. మీ పేషెంటుకు అవి వద్దని చెప్పి పక్కన పెట్టండి, వాటిలో పొటాషియం ఎక్కువ. ఆక్సిజన్ మిషను ఉన్న ఇంట్లో నిండిన చిన్న సిలిండరు, రెగ్యులేటరు, తిప్పే తాళంచెవి ఒకేచోట ఉండాలి. ఆ గదిలో దీపం, అగరుబత్తి, ప్రార్థన కొవ్వొత్తి వెలిగించకండి. ప్రార్థన చీకట్లో చేసినా దేవుడు వింటాడు. టి.బి., ఫిట్స్, బి.పి. మందులు వారానికి సరిపడా, మందుల చీటీ, ఆధార్, రేషను కార్డు జిరాక్సులు, ఒక జత బట్టలు, టార్చి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి తలుపు వెనక మేకుకు తగిలించండి. వరద తగ్గాక నీళ్ళు మరిగించి తాగండి. బురదలో నడిచిన వారం పది రోజుల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు, కళ్ళు ఎర్రబడడం ఉంటే నీళ్ళలో నడిచానని డాక్టరు గారికి తప్పక చెప్పండి, ఎలుకల వల్ల వచ్చే జ్వరం కావచ్చు.

రక్తం గురించి ఒక్క మాట. పెద్ద ప్రమాదం జరిగిన రోజు వందలమంది పరుగున వచ్చి రక్తమిస్తారు, నెల తరువాత బ్లడ్ బ్యాంకు ఖాళీగా ఉంటుంది. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. మామూలు రోజుల్లో వచ్చి ఇవ్వండి.

చివరగా ఈ ఆసుపత్రిలోనే మంట లేస్తే ఏం చేయాలో చెప్పాలి. 2011 డిసెంబరు 9న కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రిలో కింది అంతస్తు నుంచి పొగ లేచి సుమారు 90 మంది, ఎక్కువగా పేషెంట్లు, చనిపోయారు. ఎనిమిది మందిని బయటికి చేర్చి మళ్ళీ లోపలికి వెళ్ళిన ఇద్దరు కేరళ నర్సులు తిరిగి రాలేదు. మా నర్సులందరికీ ఆ ఇద్దరూ గుర్తే. అందుకే రాత్రి డ్యూటీలో వార్డు వెనక తలుపు ముందు మీ బ్యాగులు, చాపలు, స్టవ్వు కనబడితే మేము కోప్పడతాం. ఆ తలుపు దారి మీ పేషెంటుది. అలారం మోగితే వార్డు సిస్టర్ చెప్పినట్టు చేయండి. నడవగలిగినవారిని ముందు పంపిస్తాం. సెలైను, ఆక్సిజన్ గొట్టాలు మీరు పీకకండి, మేము తీస్తాం. మంచం కదలకపోతే పేషెంటును దుప్పటితో సహా కిందికి దించి, తల వైపు దుప్పటి పట్టుకుని నేల మీద లాగాలి. యాభై కిలోల మనిషి చాలు, డెబ్బై ఎనభై కిలోల మనిషిని లాగగలడు.

అది మాటల్లో చెప్తే రాదు. ఇదిగో దుప్పటి తెచ్చాను. ఒక అన్న కింద పడుకోవాలి, ఒక అమ్మ లాగాలి. నవ్వకండి, రండి, ముందు వరుసలో ఉన్న మీరిద్దరూ రండి.